నౌపడలో బండి మారాలి: ప్రభుత్వ వెబ్‌సైట్లు చేయించే అధికారులకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నాది శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో ఒక చిన్న నెట్ సెంటర్. నాలుగు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక లామినేషన్ మెషిన్, గోడకి ఒక క్యూఆర్ కోడ్. 2004లో పెట్టాను. స్కాలర్‌షిప్పులు, ఉద్యోగాల నోటిఫికేషన్లు, హాల్ టికెట్లు, పింఛను ఫిర్యాదులు, కాంట్రాక్టర్ల టెండర్లు. ఇరవై ఏళ్లు దాటింది, ఇవే నా పని. మీరు చేయించిన సైట్లు మీకంటే నాకే బాగా తెలుసంటే కోపం తెచ్చుకోకండి. మీరు వాటిని ప్రారంభోత్సవం నాడు చూస్తారు, నేను ఆఖరి తేదీ రాత్రి పదకొండున్నరకి చూస్తాను.

మీ సైట్లు ఏ ఫోన్లోనైనా తెరుచుకునేలా చేయించమని అడగడానికే ఈ ఉత్తరం. దీనికి కారణం ఒక పాత ఫోను. మొన్నీమధ్య సంతబొమ్మాళి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. కొడుకు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ తన పాత ఫోను తల్లికి ఇచ్చాడు. ఆవిడకి కావలసిన సేవ అంతకుముందు మామూలు వెబ్‌సైట్లోనే ఉండేది. ఇప్పుడు ఆ పేజీ తెరిస్తే ‘ఇకపై యాప్‌లో మాత్రమే’ అని ఒక బొమ్మ. యాప్ కోసం వెళ్తే ‘మీ ఫోనుకి ఇది పనిచేయదు’ అని జవాబు. ఫోను ఆండ్రాయిడ్ పాతబడిపోయింది. ఆవిడ ఫోను తిప్పి తిప్పి చూసి, “ఏటి బావూ, మోగతాది, బొమ్మలొస్తాయి, మనవడితో మాట్లాడతాను, మరీ పని ఒక్కటీ ఎందుకు సెయ్యదు?” అంది.

నా దగ్గర జవాబు ఉంది, కానీ ఆవిడకి చెప్పేది కాదు. నా ఫోనులో యాప్ వేసి, ఆవిడ ఆధార్ నంబరు కొట్టి, ఆవిడకి వచ్చిన ఓటీపీ నేను చదివి పని పూర్తిచేశాను. ముక్కూ మొహం తెలియని వాడి ఫోనులోకి ఆవిడ వివరాలన్నీ వచ్చేశాయి. ఇది డిజిటల్ సేవ అంటే నాకే సిగ్గేసింది. ఆవిడకి చెప్పలేని ఆ జవాబు మీకు చెబుదామని కూర్చున్నాను.

మా తాత నౌపడ స్టేషన్లో కళాసీ, అంటే సరుకు దింపి ఎక్కించే కూలీ. అప్పట్లో అక్కడ రెండు రకాల పట్టాలుండేవి. హౌరా నుంచి మద్రాసు పోయే పెద్ద లైను ఐదున్నర అడుగుల వెడల్పు. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించుకున్న చిన్న లైను రెండున్నర అడుగులు. పర్లాకిమిడి నుంచి గానీ, తర్వాత గుణుపురం దాకా పొడిగించాక అక్కడి నుంచి గానీ వచ్చిన సరుకు పెద్ద లైను మీద ముందుకు పోవాలంటే నౌపడలో దింపాల్సిందే, మళ్లీ ఎక్కించాల్సిందే. మనుషులూ అంతే, మూటలు నెత్తిన పెట్టుకుని బండి మారాలి. తాత నవ్వుతూ ఒక మాట అనేవాడు: “రాజుగారు పట్టాలు సన్నంగా యేయించినారు కాబట్టి మనకి గింజలు దొరికినాయి.”

ఆ చిన్న లైనుని బ్రాడ్‌గేజ్ చేయడానికి, అంటే పెద్ద లైను వెడల్పుకి మార్చడానికి, 2004లో బండి ఆపేశారు. 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద పట్టాలు పడ్డాయి, ఇప్పుడు నౌపడలో ఎవరూ బస్తాలు మార్చనక్కర్లేదు. సరిగ్గా ఆ బండి ఆగిన ఏడే నేను షాపు తెరిచాను. తాత చేసిన పనే నాకూ దొరికింది. పట్టాలు కలవని చోట సరుకు మార్చడం.

వెబ్ పుట్టినప్పుడు దానికి ఒకటే గేజు. 1989లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ దాన్ని ఊహించాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని ఎవరైనా వాడుకోవచ్చని, రూపాయి ఇవ్వనక్కర్లేదని ప్రపంచానికి వదిలేసింది. మరుసటి ఏడాది ఆయనే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం అని ఒక సంస్థ పెట్టాడు. పేజీ ఎలా రాయాలి, బ్రౌజర్ (పేజీలు తెరిచి చూపించే సాఫ్ట్‌వేర్) దాన్ని ఎలా చూపించాలి అని అందరూ ఒప్పుకునే నియమాలు రాసే చోటు అది. వాటినే వెబ్ ప్రమాణాలు అంటారు. ఎవరు చేసిన బ్రౌజర్ అయినా, ఏ కంపెనీ ఫోను అయినా ఆ నియమాలు పాటిస్తే చాలు, పేజీ తెరుచుకుంటుంది.

కంపెనీలు ఊరుకోవు కదా. 1994 చివర్లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ వచ్చింది, 1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చింది. ఒకరు మిణుకు మిణుకుమనే అక్షరాలు కనిపెడితే ఇంకొకరు పక్కకి పాకే అక్షరాలు కనిపెట్టారు. నా బ్రౌజర్లోనే బాగా కనిపించే పేజీలు పెరిగితే జనం నా దగ్గరే ఉంటారని ఇద్దరి లెక్కా ఒకటే. అన్నట్టు, ఆ పాకే అక్షరాల పేరు మార్క్యూ. మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత సరుకు. వెబ్ ప్రమాణాల్లో దాన్ని వాడొద్దని ఎప్పుడో రాసేశారు. మన సైట్లలో మాత్రం ‘ముఖ్య గమనిక’ ఇప్పటికీ ఎర్రరంగులో కుడి నుంచి ఎడమకి పాకుతూనే ఉంటుంది. చదవడం మొదలుపెట్టేలోగా గోడ దాటిపోతుంది. యుద్ధం ముగిసినా తుక్కు మన వాకిట్లో మిగిలింది.

ఆ పోటీ కోర్టుకెక్కింది. విండోస్‌తో పాటే తన బ్రౌజర్‌ని అంటగట్టి ఎదుటివాడిని తొక్కేస్తోందని 1998 మేలో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది. కంపెనీని రెండు ముక్కలు చేయాలని 2000లో జడ్జి తీర్పు ఇస్తే, 2001లో పై కోర్టు ఆ ముక్కలు చేసే ఉత్తర్వు కొట్టేసింది. చివరికి రాజీ కుదిరింది. అప్పటికి నెట్‌స్కేప్ పని అయిపోయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001 ఆగస్టులో, దాని తర్వాతి 7వది 2006 అక్టోబర్‌లో. మధ్యలో ఐదేళ్లు. ఎదుట ఎవరూ లేకపోతే పరుగెత్తాల్సిన పనేముంది?

సరిగ్గా ఆ ఐదేళ్లలోనే మన దేశంలో చాలా ప్రభుత్వ సైట్లు తయారయ్యాయి. ‘ఈ సైట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో, 1024 బై 768లో బాగా కనిపిస్తుంది’ అని అడుగున రాసి ఉండేది, గుర్తుందా? బాగా కనిపించడం సంగతి సరే, మిగతావాటిలో అసలు పనిచేసేవే కావు. టెండర్లు వేసే కాంట్రాక్టర్లకి డిజిటల్ సంతకం ఉంటుంది, పెన్‌డ్రైవ్ లాంటి ఒక టోకెన్. దాన్ని సైటు చదవాలంటే యాక్టివ్ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత ఏర్పాటు కావాలి. అది వేరే బ్రౌజర్లో ఉండదు. ఒక సైటు ఇచ్చిన సూచనల కాగితం నా దగ్గర చాలాకాలం గోడకి అంటించి ఉండేది. మొదటి సూచన: బ్రౌజర్లో సెక్యూరిటీని తగ్గించండి. సంతకం భద్రంగా ఉండాలని టోకెన్ పెట్టారు, ఆ టోకెన్ పనిచేయడానికి ఇంటి తలుపు తీసి పెట్టమన్నారు.

తర్వాత జావా వచ్చింది. కొన్నాళ్లు అందరూ జావా యాప్లెట్లు అన్నారు, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలిస్తే పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాములు. 2015 సెప్టెంబరు నాటికి గూగుల్ వాళ్ల బ్రౌజర్ క్రోమ్ అలాంటి తగిలింపులను (ప్లగిన్లను) పూర్తిగా ఆపేసింది. ఒకరోజు పొద్దున్నే ఒక కాంట్రాక్టరు గారు పరుగెత్తుకొచ్చారు. “నిన్నటిదాకా పనిచేసింది, ఏం చేశావు నా సిస్టమ్‌ని?” అని నా మీద కేకలు. టెండరు ఆఖరి రోజు, ఆయన టెన్షన్ ఆయనది. నేనేం చేశాను? కాలిఫోర్నియాలో ఎవరో ఒక స్విచ్ తీశారు, టెక్కలిలో ఒక కల్వర్టు టెండరు ఆగింది.

అందుకే ఒక పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ని మూల మీద అలాగే ఉంచాను. దాన్ని నెట్‌కి తగిలించడమే ప్రమాదం, తీసేస్తే పని ఆగుతుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే సాగనంపింది. మా షాపులో దానికి ఇంకా దినకార్యం కాలేదు.

కంపెనీలు సొంతంగా ఏదీ చేయకూడదని నేను అనను. ఇవాళ పేజీ మొత్తం మళ్లీ తెరవకుండానే అందులో కొంత భాగం మారుతుంది కదా, జిల్లా పేరు ఎంచుకోగానే మండలాల జాబితా వస్తుంది కదా, దాని మూలం 1999లో మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్లో పెట్టిన సొంత ఏర్పాటే. మిగతా కంపెనీలు దాన్ని నచ్చి తెచ్చుకున్నాయి, తర్వాత ప్రమాణమైంది, ఇప్పుడు అందరిదీ. ఒకడు కనిపెట్టినది పదిమందికీ చేరితే గొడవే లేదు. చేరకముందే మీరు దాని మీద ప్రజల పని కట్టేస్తున్నారు, నా బాధంతా అక్కడే.

ఇందులో మనం ఒంటరి కాదు లెండి. దక్షిణ కొరియా ప్రభుత్వం 1999 నుంచి ఆన్‌లైన్ లావాదేవీలకి తన సొంత సంకేత పద్ధతి పెట్టింది, అది యాక్టివ్ఎక్స్ మీద నడిచేది. నెట్ వేగానికి పేరుమోసిన దేశం, బ్యాంకు పని మాత్రం ఒకే ఒక్క బ్రౌజర్లో. 2014లో చైనా జనం ఒక కొరియా సీరియల్లో హీరోయిన్ వేసుకున్న కోటు కొనాలనుకుంటే అక్కడి సైట్లు కొననివ్వలేదని సాక్షాత్తూ దేశాధ్యక్షురాలే ఒక సమావేశంలో వాపోయారు. దాంతో పాటే నడిచిన డిజిటల్ సర్టిఫికెట్ల పద్ధతికి చట్టం ఇచ్చిన ప్రత్యేక హోదా 2020 డిసెంబర్లో గానీ పోలేదు. ఇరవై ఏళ్లు.

దక్షిణాఫ్రికా కథ ఇంకా విచిత్రం. అక్కడి పన్నుల శాఖ ఫారాలు కొన్ని ఫ్లాష్‌లో ఉండేవి. ఫ్లాష్ అంటే పేజీలో కదిలే బొమ్మలు, ఫారాలు నడిపించే సాఫ్ట్‌వేర్, అడోబ్ కంపెనీ సొత్తు. 2010 ఏప్రిల్లో యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఐఫోనులోకి ఫ్లాష్‌ని ఎందుకు రానివ్వమో చెబుతూ ఒక బహిరంగ లేఖ రాశాడు. అది ఒకే కంపెనీ చేతిలో ఉన్నదని, వెబ్ అనేది అందరి ప్రమాణాల మీద నడవాలని ఆయన వాదన. ఫ్లాష్ పతనం అక్కడి నుంచే మొదలైందంటారు, 2020 డిసెంబర్ 31తో అడోబే మూసేసింది. మూసేస్తామని మూడేళ్ల ముందే చెప్పినా ఆ పన్నుల శాఖ ఫారాలు మార్చుకోలేకపోయింది. 2021 జనవరిలో ఏం చేసిందో తెలుసా? ఫ్లాష్ నడిపించడం కోసమే సొంతంగా ఒక బ్రౌజర్ విడుదల చేసింది. మా ఎక్స్‌పీ కంప్యూటర్‌కి అన్నయ్య అన్నమాట.

బహిరంగ లేఖకి బలం ఉంటుందని ఆ ఉదంతం చూసే నమ్మాను, రాసేది టెక్కలివాడే అయినా. కాకపోతే ఆ లేఖ రాసిన పెద్దమనిషి కంపెనీ ఫోన్లో సంగతి చూడండి. ఐఫోనులో మీరు క్రోమ్ వేసుకున్నా, ఫైర్‌ఫాక్స్ వేసుకున్నా లోపల పేజీని గీసి చూపించే ఇంజిను యాపిల్ వాళ్లదే ఉండాలి. యూరప్‌లో చట్టం మెడ మీద కూర్చుంటే 2024 మార్చి నుంచి అక్కడి వరకు వేరే ఇంజిన్లకి దారి ఇచ్చారు. మన ఐఫోన్లలో పాత కథే. ఎవరికి వాళ్లు ఎదుటివాడి తాళాన్ని తిడతారు, తమ తాళాన్ని భద్రత అంటారు.

ఇప్పుడు మీ సైట్ల అడుగున ‘గూగుల్ క్రోమ్‌లో బాగా కనిపిస్తుంది’ అని ఉంటోంది. పేరు మారింది, వాక్యం మారలేదు. అందరి దగ్గరా క్రోమే ఉంది కదా అని మీ సాఫ్ట్‌వేర్ వాళ్లు చెబుతారు. 2003లో అందరి దగ్గరా ఎక్స్‌ప్లోరరే ఉండేది. పైగా 2020 నుంచి మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ లోపలా గూగుల్ వాళ్ల క్రోమియం ఇంజినే, ఒపెరాలోనూ అదే. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర హోటళ్ల బోర్డులు వేరైనా వెనక వంటగది ఒకటే అయితే, ఆ వంటమనిషి ఉప్పు ఎక్కువేసిన రోజు ఊరంతా ఉప్పుకూరే తినాలి. వేరే ఇంజినుతో చెప్పుకోదగ్గ స్థాయిలో మిగిలినవి యాపిల్ సఫారీ, ఫైర్‌ఫాక్స్. ఆ ఫైర్‌ఫాక్స్‌కి వచ్చే ఆదాయంలో ఎక్కువ భాగం సెర్చ్ ఒప్పందం కింద గూగుల్ ఇచ్చేదే.

ఒక లెక్క చెబుతాను. ఫోన్లలో, బ్రౌజర్లలో మొదటి సెర్చ్ ఇంజినుగా తనే ఉండడం కోసం గూగుల్ 2021 ఒక్క ఏడాదిలో 2,600 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. డాలర్లండీ, రూపాయలు కాదు. ఇది అమెరికా కోర్టులో బయటపడింది, 2024 ఆగస్టులో ఆ కోర్టు గూగుల్ గుత్తాధిపత్యం చేసిందని తేల్చింది. మన దగ్గరా ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లని కట్టగట్టి ఇస్తోందని 2022 అక్టోబర్లో కాంపిటిషన్ కమిషన్ 1,337 కోట్ల రూపాయల జరిమానా వేసింది. జనం వేలు ముందు ఎక్కడ పడుతుందో ఆ చోటికి అంత ధర ఉంది. అలాంటి చోటుని మీరు ‘ఫలానా బ్రౌజరే వాడండి’ అని ఒక్క వాక్యంలో ఉచితంగా రాసిచ్చేస్తున్నారు. కనీసం అద్దె అయినా అడగలేదు.

తెలుగు సంగతికి వస్తాను. ఇది నాకు మరీ దగ్గర విషయం, కాస్త ఎక్కువ రాస్తే క్షమించండి.

నేను షాపు తెరిచేనాటికి నెట్‌లో తెలుగు పత్రికలు ఉన్నాయి, కానీ ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టుకునేవారు, ఏ గడిలో ఏ ముక్క అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ఒకరి గడిలో తలకట్టు ఉంటే ఇంకొకరి గడిలో అక్కడే కొమ్ము. ఫాంటు లేకుండా తెరిస్తే పిచ్చి గీతలు. పేజీతో పాటే ఫాంటు పంపించే ఏర్పాట్లు రెండు కంపెనీలూ చేశాయి గానీ, నెట్‌స్కేప్ పద్ధతి మైక్రోసాఫ్ట్‌కి అర్థం కాదు, మైక్రోసాఫ్ట్ పద్ధతి నెట్‌స్కేప్‌కి అర్థం కాదు. వార్త చదవడానికి వచ్చిన రిటైర్డ్ మాస్టారి కోసం ఆయన చదివే పత్రిక ఫాంటు ఏ కంప్యూటర్లో ఉందో గుర్తుపెట్టుకుని అక్కడే కూర్చోబెట్టేవాడిని. గంటకి ఇరవై రూపాయలు, అందులో పది నిమిషాలు ఫాంటు గొడవకే.

యూనికోడ్ అంటే ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కో నంబరు ఇచ్చే ప్రమాణం. అందులో తెలుగుకి 1991 నుంచే గళ్లు కేటాయించి ఉన్నాయి. ‘అ’కి ఒకే నంబరు, ప్రపంచంలో ఎక్కడైనా అదే. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. పత్రికలు ఇంకా పాత ఫాంట్లలోనే ఉంటే, వాటిని చదివేటప్పుడే యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే చిన్న ఉపకరణాన్ని ఫైర్‌ఫాక్స్ కోసం తయారుచేశారు. ఆ ఒక్కదాని కోసమే అన్ని కంప్యూటర్లలో ఫైర్‌ఫాక్స్ వేశాను. తర్వాత 2010లో మొజిల్లా (ఫైర్‌ఫాక్స్ చేసేవాళ్లు), ఒపెరా, మైక్రోసాఫ్ట్ కలిసి వెబ్ ఫాంట్లకి ఒకే రూపం ప్రతిపాదించాయి, 2012 డిసెంబర్లో అది ప్రమాణం అయింది. ఇవాళ ఏ ఫోన్లోనైనా తెలుగు కనిపిస్తోందంటే ఒకరినొకరు కరుచుకునే కంపెనీలు ఆ ఒక్క విషయంలో ఒక బల్ల దగ్గర కూర్చున్నాయి కాబట్టే. ఏ కంపెనీ అయినా ఒంటరిగా గెలిచి ఉంటే ఆ కంపెనీ ఫోన్లో మాత్రమే తెలుగు బాగుండేది.

ఇప్పుడు గిడుగు పేరుతో ఒక ఫాంటు, గురజాడ పేరుతో ఒక ఫాంటు ఎవరైనా ఉచితంగా దించుకునేలా ఉన్నాయి. ఇద్దరూ మా ఉత్తరాంధ్ర వాళ్లే, ఒకరు ఈ శ్రీకాకుళం గడ్డ మీద పుట్టినవారు, ఇంకొకరు విజయనగరంలో బతికినవారు. పండితులకి తప్ప ఎవరికీ అందని భాషలో చదువు చెప్పొద్దని జీవితమంతా పోట్లాడిన మనిషి గిడుగు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు కదా. ఒక ఏడాది ఆ ఉత్సవం ఆహ్వానం ప్రింటు తీయమని ఒక కార్యాలయం నుంచి నాకు ఫైలు వచ్చింది. పాత డీటీపీ ఫాంటులో కొట్టినది. నా కంప్యూటర్లో తెరిస్తే గిడుగు వారి పేరు డాలరు గుర్తులు, బ్రాకెట్లుగా వచ్చింది. ఫోను చేస్తే, “అదంతే వస్తుంది, ఫొటో తీసి పంపుతాం” అన్నారు. ఆ ఫొటోనే వాళ్ల సైటులోనూ పెట్టారు. ఫొటోలోని అక్షరాలని ఎవరూ వెతకలేరు. చూపులేని పిల్లలు కంప్యూటర్ చేత చదివించుకుని వింటారు, దానికీ ఆ ఫొటో ఉత్త బొమ్మే. మా దగ్గరికి వచ్చే ఒక డిగ్రీ అబ్బాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని టకటకా ఫారాలు నింపేస్తాడు, నువ్వు మనిషివేనా అని పరీక్షించే బొమ్మ క్యాప్చా రాగానే మాత్రం ఆగి, “అన్నా, ఒక్కసారి” అని పిలుస్తాడు. ఆ ఒక్కసారి కోసం అతను తోడు లేకుండా ఏ పనీ చేసుకోలేడు.

వాట్సాప్ మాట కూడా ఎత్తాలి. 2025 జనవరి 30న మన రాష్ట్రంలో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలందించే మన మిత్ర మొదలైంది, 161 సేవలతో. మంచి పనే. మా ఆవిడ నెట్ సెంటర్ వాడి భార్య అయి ఉండీ వాట్సాప్ దాటి బయటికి రాదు. జనం ఎక్కడ ఉన్నారో అక్కడికి ప్రభుత్వం వెళ్లడం తప్పు అనలేను. కానీ అది ఒక కంపెనీ ఇల్లు, ప్రభుత్వం అందులో అద్దెకున్నట్టే. 2021 అక్టోబర్ 4 రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్ అన్నీ ప్రపంచమంతటా దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. ఆ రాత్రి కబుర్లు ఆగాయి, సరే. అదే రాత్రి ఏదైనా ప్రవేశ పరీక్ష ఫీజు ఆఖరి గడువైతే? ఆ సేవల్లో ప్రతి ఒక్కటీ మామూలు వెబ్ పేజీలోనూ అంతే తేలికగా, ఏ బ్రౌజర్లోనైనా దొరకాలి. వాట్సాప్ గుమ్మం తెరిచారని అసలు వాకిలికి గొళ్లెం పెట్టొద్దు.

ఇదంతా మనకి చేతకాని పనేమీ కాదు. నా గోడ మీది క్యూఆర్ కోడే సాక్షి. యూపీఐ రాకముందు ఒక్కో కంపెనీ వాలెట్‌కి ఒక్కో స్టిక్కరు, ఒక వాలెట్లో డబ్బు ఇంకో వాలెట్లోకి పోయేది కాదు. 2016లో యూపీఐ వచ్చాక ఏ బ్యాంకైనా, ఏ యాప్ అయినా ఒక్క కోడ్‌తో సరి. ఇందిరాగాంధీ జంక్షన్లో పునుగులు వేసే అమ్మాయి నీ దగ్గర ఏ యాప్ ఉందని ఎవరినీ అడగదు. యాప్‌ల మధ్య పోటీ భీకరంగా ఉంది, ఉండనీయండి, పట్టాలు మాత్రం ఒకటే. డబ్బు విషయంలో ఇంత బుద్ధిగా చేసిన దేశం దరఖాస్తు ఫారం దగ్గర ఎందుకు తడబడుతోందో నాకు అర్థం కాదు.

కొత్త జీవో కూడా అడగడం లేదు. ఈ-గవర్నెన్స్ అంతా ఓపెన్ ప్రమాణాల మీద ఉండాలని కేంద్రం 2010లోనే విధానం ప్రకటించింది. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి, వాటికి మూడో కూర్పు 2023లో వచ్చింది. అవి ఫైల్లో ఉన్నాయి, టెండరు కాగితంలోకి రావడం లేదు. మీరు సంతకం పెట్టే ఆ కాగితంలో ఈ సైటు వెబ్ ప్రమాణాల ప్రకారం ఉండాలి, క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ ఫారం మొదటి గడి నుంచి ఫీజు రసీదు దాకా నడవాలి, ఎనిమిదేళ్ల నాటి చౌక ఫోనులో, సిగ్నల్ ఒక గీత ఉన్న చోట కూడా తెరుచుకోవాలి అని రాయించండి. తెలుగు అంతా యూనికోడ్ అక్షరాల్లోనే ఉండాలని, యాప్ చేస్తే సైటుకి తోడుగానే చేయాలని అందులోనే చేర్చండి. ఆ పరీక్ష నెగ్గాకే చివరి బిల్లు పాస్ చేస్తామనండి. మిగతాది సాఫ్ట్‌వేర్ కంపెనీలే చూసుకుంటాయి, బిల్లు ఆగితే వాళ్లకి ప్రమాణాలు ఎంత త్వరగా గుర్తొస్తాయో చూడండి.

ఖర్చు ఎక్కువవుతుందని చెబుతారు. మొదటిసారి కొంచెం అవుతుందేమో. ఎక్స్‌ప్లోరర్ కోసం ఒకసారి, జావా కోసం ఒకసారి, ఇప్పుడు యాప్ కోసం ఇంకోసారి అదే సేవని తిరగ కట్టించిన ఖర్చు ఎవరైనా కూడి చూశారా?

ఒక నిజం కూడా దాచకుండా చెప్పేస్తాను. మీరు ఇదంతా చేస్తే నాకు నష్టం. సైటు ఏ ఫోన్లోనైనా సాఫీగా తెరుచుకుంటే ఆ సంతబొమ్మాళి అమ్మ నా షాపు మెట్లు ఎక్కదు, పక్కింటి పిల్ల చేత చేయించుకుంటుంది. నా గిరాకీలో సగం మీ సైట్ల లోపాల మీదే నడుస్తోంది. తాత మాటే, పట్టాలు సన్నంగా ఉన్నాయి కాబట్టి గింజలు దొరుకుతున్నాయి. కొడుకుని ఇంజినీరింగ్ చదివించింది ఆ గింజలతోనే. వాడిప్పుడు బెంగళూరులో వెబ్‌సైట్లు చేస్తున్నాడు. ఫైర్‌ఫాక్స్‌లో పరీక్షించావా అని అడిగితే, “ఎవరు వాడుతున్నారు నాన్నా” అంటాడు. ఇంట్లోనే నెగ్గలేకపోయాక మీకు రాస్తున్నానని కూడా అనుకోవచ్చు.

ప్రింట్లు, జెరాక్సులు, లామినేషన్లు ఎలాగూ ఉంటాయి, నా బతుకు నేను చూసుకుంటాను.

మీలో ఎవరికైనా వీలైతే, ఏదైనా నోటిఫికేషన్ ఆఖరి తేదీకి ముందురోజు సాయంత్రం ఇటు రండి. చెప్పి రానక్కర్లేదు, అధికారినని చెప్పనూ అక్కర్లేదు. కౌంటరు పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఉంది, రెండు గంటలు కూర్చోండి. మీ ఫోను ఐఫోను అయితే మరీ మంచిది, మీ శాఖ ఫారం అందులోనే నింపి చూడండి. ఆదివారం మధ్యాహ్నం దాకానే తెరిచి ఉంటుంది, మిగతా రోజుల్లో మామూలుగా రాత్రి తొమ్మిది వరకు, ఆఖరి తేదీల్లో ఇంకా పొద్దుపోయే దాకా ఉంటాను.

ఇట్లు
ఒక నెట్ సెంటర్ యజమాని
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా